రేసు కారు తయారీ ఇంజన్‌తో మొదలు కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం.

రాత్రివేళ జాతీయ రహదారి మీద పందేలు వేసుకుంటున్న యువకుల కార్లను పోలీసులు స్వాధీనం చేసుకున్నారన్న వార్తలు మీ పత్రికలోనూ ఇతర పత్రికల్లోనూ తరచుగా చదువుతున్నాను. మామూలు కార్లను రేసు కార్లుగా మార్చి రోడ్డు మీదకు తెచ్చారని వాటిలో రాస్తున్నారు. ఆ యువకుల మీద తీసుకునే చర్యలను నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ సైలెన్సర్ కోసేసి, స్ప్రింగులు కత్తిరించి కారును కిందికి దించి, డిక్కీ మీద రెక్క బిగించిన ఆ కార్లలో ఒక్కటి కూడా సర్క్యూట్‌లో, అంటే రేసుల కోసమే కట్టిన దారిలో, జరిగే సాంకేతిక తనిఖీని దాటే స్థితిలో ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతూ, సర్క్యూట్ పోటీలకు పాత కార్లను సిద్ధం చేసుకునే కుర్రాళ్లకు చాలా ఏళ్లుగా పని చేసిపెడుతున్నవాడిగా, అసలు ఆ మార్పు ఎలా జరుగుతుందో, ఏ వరుసలో జరగాలో మీ పాఠకులకు వివరంగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉదాహరణకు అందరికీ తెలిసిన మారుతి 800నే తీసుకుంటాను. 1983 డిసెంబరులో తొలిసారి కొనుగోలుదారు చేతికి వచ్చిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది గానీ, ఆటోనగర్‌లో దాని సామాను నేటికీ దొరుకుతుంది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్, 40 హార్స్‌పవర్‌కు లోపు శక్తి, దాదాపు 650 కిలోల బరువు. వినడానికి రేసుకు ఏమాత్రం పనికిరాని అంకెల్లా ఉంటాయి. అయినా కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో ఈ ఇంజన్‌నే తీసుకుని ఒంటి సీటు రేసు కారును మన దేశంలోనే తయారు చేశారు. ఫార్ములా మారుతి అని పిలిచే ఆ తరగతిలో చెన్నై దగ్గరి శ్రీపెరంబుదూరు సర్క్యూట్ మీద తొలి పోటీ చేసిన నరేన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన మొదటి భారతీయుడు అయ్యారు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలోని సర్క్యూట్‌కు ఆయన పేరే పెట్టారు. తర్వాతి కాలంలో మన జాతీయ పోటీల్లో మారుతి ఎస్టీమ్ వంటి సాధారణ కుటుంబ కార్లు ఎన్నో ఏళ్లు పరుగెత్తాయి. కాబట్టి చిన్న కారుతో రేసు ఏమిటన్న చిన్నచూపు ఈ క్రీడ తెలిసినవాళ్లలో లేదు.

పని ఊడదీయడంతో మొదలవుతుంది. సీట్లు, కార్పెట్, రూఫ్ గుడ్డ, తలుపుల లోపలి అట్టలు, స్టెప్నీ, హీటర్, వెనుక అద్దాల యంత్రాంగం అన్నీ బయటికి వస్తాయి. చప్పుడు తగ్గడానికి కంపెనీవాళ్లు నేల రేకు మీద అతికించిన తారు షీట్‌ను తీయడమే అన్నిటికన్నా విసుగు పుట్టించే పని. హీట్ గన్‌తో వేడి చేసి ఉలితో గీకుతుంటే అంగుళం అంగుళంగా ఊడుతుంది. దీనివల్ల తగ్గేది కొద్ది కిలోలే అనుకుని చాలామంది దీన్ని వదిలేస్తారు. కానీ ఆ షీట్ తీస్తేనే కింద రేకు అసలు రంగు బయటపడుతుంది. మన తీర ప్రాంతపు కార్లకు పెడళ్ల కిందా, తలుపుల కింది సిల్ పట్టీల లోపలా, వెనుక షాకబ్జార్బర్లు బిగించే చోటా తుప్పు సహజం. తుప్పు తిన్న రేకు మీద ఏం కట్టినా నిలవదు. ఈ దశలోనే ఆ భాగాలు కోసి కొత్త రేకు వేయించాలి, లేదా ఆ బాడీని వదిలేసి ఇంకొకటి వెతుక్కోవాలి.

ఆ తర్వాత రావలసింది రోల్ కేజ్. కారు పల్టీ కొట్టినా లోపలి మనిషి చుట్టూ ఖాళీ చోటు మిగిలేలా చేసే ఉక్కు గొట్టాల పంజరం ఇది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం డ్రైవర్ వెనుక నిలిచే ప్రధాన వంపు గొట్టం అతుకులేని కార్బన్ ఉక్కుదై, 45 మిల్లీమీటర్ల వ్యాసంతో 2.5 మిల్లీమీటర్ల మందం గానీ, 50 మిల్లీమీటర్ల వ్యాసంతో 2 మిల్లీమీటర్ల మందం గానీ ఉండాలి. గొట్టం పాదాల కింద వేసే పట్టీ కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం కలిగి ఉండాలి. ఎందుకంటే కారు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పాదం కింద ఆ పట్టీ లేకపోతే పల్టీ కొట్టిన క్షణంలో గొట్టం నేల రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది. పంజరం ఉండీ పైకప్పు డ్రైవర్ తల మీదకు వచ్చేస్తుంది.

ఇక్కడే మన షెడ్లలో ఘోరమైన పొరపాట్లు జరుగుతున్నాయి. ఒకసారి ఒక కుర్రాడు వేరే చోట కేజ్ వేయించుకుని, బ్రేకుల పని కోసం కారును నా దగ్గరికి తెచ్చాడు. పైన నిగనిగలాడే ఎర్ర రంగు. ఒక గొట్టం చివర మూత తీసి చూస్తే లోపల పొడవునా అతుకు గీత కనిపించింది. అది నీళ్ల పైపు. వంపు తిరిగిన చోట గొట్టం గుండ్రంగా లేకుండా నొక్కుకుపోయి ముడతలు పడింది. పైకప్పుకు ఆనుకున్న కీళ్ల దగ్గర కింది సగం మాత్రమే వెల్డింగ్ ఉంది. పై సగంలోకి వెల్డింగ్ టార్చ్ దూరే చోటు లేదు కాబట్టి ఆ కేజ్ వేసినవాడు వదిలేశాడు. ఆ పని పద్ధతి ప్రకారం చేయాలంటే ఒక ఉపాయం ఉంది. పాదాలు ఆనే చోట నేల రేకుకు రంధ్రాలు కోసి, పంజరాన్ని ఆ రంధ్రాల గుండా కిందికి దించితే పైకప్పుకూ గొట్టానికీ మధ్య చేయి పట్టేంత జాగా వస్తుంది. అప్పుడు కీలు చుట్టూ పూర్తిగా వెల్డింగ్ చేసి, పంజరాన్ని మళ్లీ పైకి ఎత్తి, రంధ్రాల మీద పట్టీలు వేసి పాదాలు అతకాలి. దీనికి అదనంగా పట్టేది ఒకటి రెండు రోజుల పని మాత్రమే. ఆ కేజ్ మొత్తం కోయించి, కొత్తది వేయించుకుంటే తప్ప బ్రేకుల పని ముట్టుకోనని నేను చెప్పాను. కుర్రాడికి కోపం వచ్చింది గానీ చివరికి వేయించుకున్నాడు.

సీటు, బెల్టుల విషయంలో కూడా ఇలాంటి జాగ్రత్తే అవసరం. మూడు చోట్ల బిగిసే మామూలు బెల్టు తీసేసి ఆరు చోట్ల పట్టే హార్నెస్ వేస్తారు. భుజాల మీదుగా వచ్చే పట్టీలు సీటు వెనుక కేజ్ అడ్డగొట్టానికి కట్టాలి. అవి వెనక్కి దిగే వాలు 45 డిగ్రీలు దాటకూడదు. సులువుగా ఉందని వెనుక సీటు కింద నేలకు బోల్టు వేసి కడితే, ఢీకొన్నప్పుడు ఆ పట్టీలు భుజాలను కిందికి లాగి వెన్నెముకను అదుముతాయి. కాపాడాల్సిన బెల్టే నడుము విరగడానికి కారణమవుతుంది. సీటుకూ హార్నెస్‌కూ గడువు తేదీలు ఉంటాయి. పాతబడిన పోగుల బలం కంటికి కనిపించదు కనుక తనిఖీ అధికారులు ఆ లేబుల్‌నే మొదట చూస్తారు. దీనికి తోడు నిప్పు తట్టుకునే దుస్తులు, ప్రమాణాలకు తగిన హెల్మెట్, మెడ ముందుకు విసురుకుపోకుండా ఆపే పరికరం, అగ్నిమాపక సిలిండర్ ఉండాలి.

కరెంటును ఒక్కసారిగా ఆపేసే కటాఫ్ స్విచ్ గురించి ఒక మాట చెప్పాలి. బెల్టులు బిగించుకుని కూర్చున్న డ్రైవర్‌కూ, కారు బయట ఉన్న మార్షల్‌కూ, అంటే రేసు భద్రత చూసే మనిషికీ, ఇద్దరికీ అందేలా దాన్ని పెట్టాలి. బయట నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు ఉండాలి. చాలామంది బ్యాటరీ తీగను తెంపే స్విచ్ పెట్టి పని అయిపోయిందనుకుంటారు. కానీ నడుస్తున్న ఇంజన్‌కు, దానితోపాటే తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కరెంటు అందిస్తూనే ఉంటుంది. బ్యాటరీ తెగినా ఇంజన్ ఆగదు, ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు ఉన్న కారులో అది పెట్రోలును తోస్తూనే ఉంటుంది. ఇగ్నిషన్‌నూ, ఆల్టర్నేటర్‌నూ కూడా కలిపి ఆపే స్విచ్ కావాలి. షెడ్డులో ఇంజన్‌ను నడుపుతూ స్విచ్ తిప్పి చూస్తే సరిగ్గా ఉందో లేదో అర నిమిషంలో తేలిపోతుంది.

ఇంతవరకూ కారు వేగం ఏమాత్రం పెరగలేదు, పెరగకూడదు కూడా. డబ్బు సగం ఇక్కడే ఖర్చు కావాలని నేను నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడికీ చెబుతాను.

వేగానికి ముందు బ్రేకులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపడానికీ, 120లో ఉన్న అదే కారును ఆపడానికీ తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. ఆ శక్తి అంతా వేడిగా మారేది డిస్కుల్లోనూ ప్యాడ్లలోనూ డ్రమ్ముల్లోనే. రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేయడం ఎప్పుడో ఒకసారి. పైన చెప్పిన శ్రీపెరంబుదూరు సర్క్యూట్ ఉన్నది ఇరుంగట్టుకోట్టైలో. దాని చుట్టు పొడవు 3.7 కిలోమీటర్లు మాత్రమే కాబట్టి, డిస్కు చల్లారకముందే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. కొన్ని చుట్లు తిరిగాక బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవాన్ని అదమలేం గానీ బుడగను అదమవచ్చు కనుక పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మన కోస్తా ఉక్కపోతలో మూత తీసి ఉంచిన డబ్బాలోని ఆయిల్‌ను రేసుకు వాడకూడదు. ప్రతి పోటీకి ముందు కొత్త డబ్బా విప్పి, పాతదంతా దించేసి, నాలుగు చక్రాల బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీసేయాలి. ఎక్కువ వేడికి నిలిచే ప్యాడ్లు వేసి, ముందు బంపర్ దగ్గర నుంచి డిస్కు మధ్యకు గొట్టంతో గాలి మళ్లిస్తే మారుతి 800 వంటి తేలిక కారుకు ఆ బ్రేకులు చాలావరకు సరిపోతాయి.

స్ప్రింగుల సంగతి అంతకన్నా సున్నితం. కటింగ్ మిషన్‌తో రెండు చుట్లు కోసేస్తే కారు కిందికి దిగుతుంది, నిజమే. కానీ చక్రం గాలిలోకి లేచినప్పుడు పొట్టి స్ప్రింగ్ తన గూట్లో నుంచి జారిపోవచ్చు. షాకబ్జార్బర్ తన ప్రయాణం అంతా వాడేసుకుని అడుగున కొట్టుకుంటే, ఆ క్షణంలో టైరు పట్టు వదిలేస్తుంది. సర్క్యూట్‌కు కావలసింది సరైన పొడవూ సరైన బిరుసూ ఉన్న స్ప్రింగ్, దానికి జతపడే షాకబ్జార్బర్, మెత్తటి రబ్బరు బుష్‌ల స్థానంలో గట్టివి, మలుపులో టైరు పూర్తిగా నేలకు ఆనేలా ముందు చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వంగిన కోణం. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి తూచాలి. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కనుక బ్యాటరీని ఎడమవైపు వెనక్కి మార్చడం వంటి చిన్న పనితో కూడా ఆ తేడా కొంత సర్దుకుంటుంది.

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. కుర్రాళ్లు మొదట అడిగేది ఇంజన్ హెడ్డు అరగదీయించి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని అదిమే మోతాదు) పెంచమని, కామ్‌షాఫ్ట్ మార్చమని. నేను మొదట విప్పేది ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్. పొడవాటి మలుపులో కారు వంగినప్పుడు ఛాంబర్‌లోని ఆయిల్ అంతా, పళ్లెం వంచితే సాంబారు ఒక పక్కకు చేరినట్టు, ఒక గోడ వైపుకు ఎగబాకుతుంది. ఆయిల్ పీల్చే స్ట్రెయినర్ ఆ రెండు మూడు క్షణాలు గాలి పీలుస్తుంది. ప్రెషర్ ముల్లు పడిపోయి మళ్లీ లేస్తుంది. డ్రైవర్ చూపు అప్పుడు మలుపు మీదే ఉంటుంది కనుక అతనికి అది కనబడదు. ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ ఇరుసు బేరింగుల మీద ఆయిల్ పొర తెగి, లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఇలా కొన్ని చుట్లు జరిగాక ఇంజన్ పట్టేస్తుంది. విప్పి చూస్తే బేరింగ్ గుల్లలు నీలంగా కమిలిపోయి, క్రాంక్‌కు అతుక్కుని ఉంటాయి. దీనికి మందు ఖరీదైనది కాదు. స్ట్రెయినర్ చుట్టూ రేకుతో చిన్న గదిలా అడ్డుగోడలు కట్టి, ఆయిల్ లోపలికి రావడానికే తప్ప బయటికి పోవడానికి వీలు లేని చిన్న తలుపులు అమర్చాలి. మన టింకరింగ్ మేస్త్రీలు ఒక పూటలో చేయగల పని ఇది. కార్బురేటర్ ఉన్న పాత 800కు, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలుతో కూడా ఇదే ఇబ్బంది ఉంటుంది. మలుపు మధ్యలో ఇంజన్ దగ్గినట్టు ఆగి మళ్లీ అందుకుంటే, ప్లగ్గులు మార్చే ముందు ఫ్లోట్ మట్టం చూసుకోవాలి.

శక్తి పెంచే పనులు వీటన్నిటి తర్వాత, అదీ పాల్గొనే తరగతి నియమాలు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే. కంప్రెషన్ పెంచితే వేడి పెరుగుతుంది, రేడియేటర్ చాలదు. బంకులో దొరికే పెట్రోలుకు తగని కంప్రెషన్‌తో ఇంజన్ లోపల టకటకమని కొట్టుకోవడం (నాకింగ్) మొదలై పిస్టన్ తల చిల్లు పడుతుంది. కొత్తగా నేర్చుకునే డ్రైవర్‌కు, పద్ధతిగా తయారుచేసిన 40 హార్స్‌పవర్ కారు, సరిగ్గా కూర్చని 80 హార్స్‌పవర్ కారుకన్నా ఎక్కువ నేర్పుతుంది. మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తిన్నటి దారిలో తిరిగి తెచ్చుకునే శక్తి అందులో ఉండదు కాబట్టి, అతను మలుపును శుభ్రంగా తిరగడం నేర్చుకుని తీరాలి.

ఇలా తయారైన కారు మళ్లీ రోడ్డెక్కకూడదన్నది కొందరికి కష్టంగా తోస్తుంది. చట్టం సంగతి స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం తెచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పులు చేసే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. చట్టాన్ని పక్కన పెట్టినా కారణం బలమైనదే. హెల్మెట్ లేని తలకు రోల్ కేజ్ గొట్టం ప్రాణాంతకం. బజారులో చిన్నగా ఎవరో వెనుక నుంచి తగిలినా ఆ గొట్టానికి తల కొట్టుకుంటుంది. వేడెక్కితే తప్ప పట్టని రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు మొదటి బ్రేక్‌కు సరిగా పనిచేయవు. అందుకే సర్క్యూట్ కారు ట్రాలీ మీద ఎక్కి వెళ్లి, ట్రాలీ మీదే తిరిగి రావాలి.

ఇక మన రాష్ట్రాల సంగతి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ రేసు కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు ఎందరో తెలుగువాళ్లు మొదటిసారి అంతర్జాతీయ స్థాయి రేసును కళ్లారా చూశారు. అది ఆ నగరానికి గౌరవమే. అయితే ఆ దారి మీద మన కుర్రాడి పాత 800కు చోటు లేదు. అతను విజయవాడ నుంచి కారును ట్రాలీ మీద వేసుకుని 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇరుంగట్టుకోట్టై చేరాలి, లేదా ఇంకా దూరం కోయంబత్తూరు వెళ్లాలి. ట్రాలీ కిరాయి, బస, ప్రవేశ రుసుము, టైర్లు అన్నీ కలిసి చిన్న ఉద్యోగి కొడుకును ఇంటి దగ్గరే ఆపేస్తున్నాయి. జాతీయ రహదారి మీద అర్ధరాత్రి పందెం మాత్రం ఉచితం. ఈ నిజాన్ని పోలీసు అధికారులూ మనమూ కలిసి ఆలోచించాలి.

చెన్నైకి సర్క్యూట్ రాకముందు అక్కడివాళ్లు షోళవరంలోని రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన పట్టీ మీద దశాబ్దాలపాటు పోటీలు నడిపారు. మన దగ్గర ప్రకాశం జిల్లా దొనకొండలో అదే కాలపు విమాన పట్టీ ఉంది. అలాంటి చోటనో, ఖాళీగా ఉన్న పెద్ద పారిశ్రామిక స్థలంలోనో, రబ్బరు కోన్లు పెట్టి ఒక్కో కారునూ విడిగా వదిలి సమయం లెక్కించే పోటీని రెండు నెలలకోసారి నడపడానికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య గుర్తింపు ఉన్న నిర్వాహకులు, శిక్షణ పొందిన మార్షళ్లు, ఒక అంబులెన్సు, ఒక అగ్నిమాపక శకటం, వాటన్నిటికన్నా ముందు నిక్కచ్చిగా తనిఖీ చేసే ఇద్దరు ఇంజనీర్లు కావాలి. మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేని పందేలనే నిషేధిస్తోంది కనుక, అనుమతి ఇచ్చే దారి ప్రభుత్వం చేతిలోనే ఉంది.

మన ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు బాహా, సుప్రా వంటి జాతీయ పోటీలకు సొంతంగా వాహనాలు తయారు చేసుకుని వెళుతున్నారు. అది మంచిదే, కానీ ఆ అవకాశం కొద్దిమందికే. ప్రతి పాలిటెక్నిక్‌లోనూ, ఐటీఐలోనూ ఆటోమొబైల్ విద్యార్థులకు ఒక పాత చిన్న కారు ఇచ్చి, ఈ ఉత్తరంలో రాసిన వరుసలో సర్క్యూట్ కారుగా మార్చమంటే, వెల్డింగ్, లోహాల బలం, హైడ్రాలిక్స్, లూబ్రికేషన్ ఒక్క వాహనం మీదే చేతికి వస్తాయి. మా ఆటోనగర్‌లో లేత్ పని, టింకరింగ్, ఫ్యాబ్రికేషన్ తెలిసిన మేస్త్రీలకు కొదవ లేదు. కళాశాలలు అడిగితే చూపించడానికి ముందుకు వచ్చేవాళ్లు నాకు తెలిసే ఉన్నారు. అడ్డగోలు కేజ్‌లు వేస్తున్నవాళ్లకు కూడా గొట్టం కొలతలూ వెల్డింగ్ పద్ధతీ తెలుగులో ముద్రించి అందిస్తే చాలామంది మారతారని నా నమ్మకం. వాళ్లలో ఎక్కువమంది తెలియకే చేస్తున్నారు.

కాబట్టి రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలూ, రవాణా శాఖలూ కలిసి కనీసం ఒక్కో చోట అయినా ఇలాంటి పోటీకి అనుమతి ఇచ్చి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రోడ్ల మీద పందేల వార్త మళ్లీ రాయవలసి వచ్చినప్పుడు, స్వాధీనం చేసుకున్న కార్లలో రోల్ కేజ్ ఉందా, బ్రేకులు మార్చారా, లేక సైలెన్సర్ మాత్రమే కోశారా అన్నది కూడా మీ విలేకరులు రవాణా అధికారులను అడిగి రాస్తే, తమ పిల్లల చేతికి తాళాలు ఇస్తున్న తల్లిదండ్రులకు అది ఎంతో ఉపయోగపడుతుంది.

భవదీయుడు,
ఒక మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ